వెదురు పూసిన ఏడు

మొన్న ఆదివారం మా కోడలు ఎక్కడో సంతలో కొన్నానని ఒక చిన్న పొట్లం తెచ్చింది. "అత్తమ్మా, ఇవి వెదురు బియ్యమట. షుగర్ ఉన్నోళ్ళకు మంచిదంటున్నరు. ఎట్ల వండాల్నో నాకు తెల్వది" అంది. నాకు తెలుసునని ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు. నానబెట్టమన్నాను, నీళ్ళు ఎక్కువ పోయమన్నాను. కాసేపటికి వంటింట్లోంచి వాసన వచ్చింది. కొత్త గోధుమలు ఉడికినట్టు, దాని వెనకాల వానకు తడిసిన ఎండుగడ్డి వాసన. ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టి ఊరికే అట్లా కూర్చుండిపోయాను. ఆ వాసన నేను నా జన్మలో ఒక్క ఎండాకాలమే చూశాను. అప్పుడు నేను ఐదో తరగతి.

మా ఊరు నర్సంపేటకు అవతల, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట. ఊరి చివర మా ఇల్లు. వెదురు అల్లే ఇల్లు మాది. గంపలు, చాటలు, వడ్లు పోసుకునే గుమ్ములు, కోళ్ళను కమ్మే బుట్టలు. చుట్టుపక్కల ఏ రైతు ఇంట్లో చూసినా మా తాత చేతి అల్లిక ఏదో ఒకటి ఉండేది. పొద్దున లేచేసరికి వాకిట్లో తాత పచ్చి బొంగును చీరుతూ కనిపించేవాడు. లేత దోసకాయ కోసినప్పుడు వస్తుందే, అట్లాంటి వాసన వాకిలంతా. దాంట్లో తాత చుట్ట పొగ కలిసేది. ఇప్పటికీ నాకు తెల్లవారడం అంటే ఆ రెండు వాసనలే.

తాత మాట ఇంట్లో చట్టం. ఏ గంప ఎవరికి, ఏ రోజు అడవికి పోవాలి, ఏ రోజు అంగడికి పోవాలి, అన్నీ ఆయనే. మా బాపు నలుగురిలో బాగా మాట్లాడేవాడే కానీ తాత ముందర "ఆఁ నాయినా" తప్ప మరో మాట రాదు. ఇక అమ్మ సంగతి చెప్పేదేముంది. మామ ముందర కోడలు నేరుగా మాట్లాడకూడదు. తాత వాకిట్లో కూర్చుని ఉంటే అమ్మ గడప లోపల నిలబడి నన్ను పిలిచేది. "బిడ్డా, తాతను బువ్వకు రమ్మను." తాతకు చెవులు మంచిగనే వినబడతాయి. అయినా నేను పోయి చెప్పేదాకా లేచేవాడు కాదు. "తాతా, బువ్వకు రమ్మంటాంది అమ్మ." "వత్తాన్న అని చెప్పు." నేను మళ్ళీ లోపలికి. మా తమ్ముడు, నేను ఈ పని వంతులేసుకునేవాళ్ళం. ఒక్కోసారి తాత "ఇంక జర పచ్చిపులుసు పొయ్యిమను" అంటే మేం లోపలికి పోయి "ఇంక జర బెల్లం పెట్టమంటాండు" అని చెప్పి, ఆ బెల్లం మేమే తిని వచ్చేవాళ్ళం.

అమ్మది నెక్కొండ దిక్కు. అక్కడ అడవి లేదు, వెదురు దొరకదు. చెరువు కట్టల మీద ఈతచెట్లు ఉంటాయి. అందుకని వాళ్ళింట్లో ఈతాకుతో చాపలు అల్లేవాళ్ళు. పెళ్ళై వచ్చిన కొత్తలో అమ్మ ఒక చిన్న చాప అల్లి వాకిట్లో పరిచిందట. తాత దాన్ని కాలితో పక్కకు జరిపి "మన ఇంట్ల ఈతాకు పని లేదు" అన్నాడట. అంతే. అమ్మ మళ్ళీ ఈతాకు ముట్టలేదు. వెదురు పనిలో ఆమెకు బద్దలు గీకడం, నీళ్ళలో తడపడం, అల్లిన వాటికి పేడ అలకడం వరకే. ఈ సంగతి నాకు మా అమ్మమ్మ చెబితే తెలిసింది, అమ్మ నోటి నుంచి ఎన్నడూ రాలేదు.

వెదురు కోసం తాత పోయే చోటు వాగు అవతలి ఒడ్డున. పెద్ద పెద్ద పొదలు, పైన ఒకదాని మీద ఒకటి వంగి కప్పు వేసినట్టు ఉండేవి. మిట్టమధ్యాహ్నం కూడా లోపల సందెపూటలాగే ఉండేది. సెలవు రోజున తాత మమ్మల్ని వెంట తీసుకుపోయేవాడు. ఆ చీకట్లో కింద ఏవో చిన్న చిన్న మొక్కలు. నల్లమద్ది, ఏగిస, తునికి. పుల్లంత కాండం, దానికి నాలుగైదు ఆకులు. ఎండాకాలం వస్తే అవి కూడా రాలి పుల్ల ఎండిపోయేది. వాన పడితే మళ్ళీ అక్కడే అంతే పుల్ల, అవే నాలుగు ఆకులు. మా తమ్ముడు అక్కడ మేస్తున్న మేకలను అదిలించడానికని ఒకదాన్ని పుటుక్కున విరిచాడు. తాత వాడి చెవి పట్టుకున్నాడు.

"పెద్దమనిషిని ఇరగ్గొడుతవారా?"

"చిన్న చెట్టే గద తాతా."

"చిన్నదా? మీ బాపు తొట్టెల పన్నప్పుడు గూడ గింతే ఉండె ఇది. నీకంటె పెద్దది, మీ బాపు కంటె పెద్దది. ఎదుగక గట్లున్నది గంతే."

నాకు ఆ మాట విచిత్రంగా తోచింది. మా బాపుకు మీసాలు వచ్చాయి, పెళ్ళయింది, మేం పుట్టాం. అది మాత్రం నా మోకాలి దగ్గరే నిలబడి ఉంది. దాని మీద జాలేసి అప్పటినుంచి అడవికి పోయినప్పుడల్లా ఒకసారి చూసి వచ్చేదాన్ని.

ఆ ఏడు చలికాలం పోతుండగా ఒక పొద్దున తాత అడవికి పోయి, వెంటనే ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు. అట్లా రావడం మేం ఎప్పుడూ చూడలేదు. కత్తి గోడకు ఆనించి అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో ఒక కొమ్మ. ఆకులు లేవు, కణుపుకొక గుత్తిగా గడ్డిపువ్వులాంటి పూత.

"ఏమైంది నాయినా?" అన్నాడు బాపు.

"వెదురు పూసింది" అన్నాడు తాత.

నాకు పూయడం అంటే సంతోషమే కదా అనిపించింది. కానీ బాపు ముఖం మాడిపోయింది. సాయంత్రానికి ఊళ్ళో ముసలివాళ్ళు ఇద్దరు ముగ్గురు మా అరుగు మీద చేరారు. వెదురు తన బతుకులో ఒక్కసారే పూస్తుందని, పూస్తే గింజ వేసి చస్తుందని, గింజకు ఎలుకలు లేస్తాయని, ఎలుకల వెనక కరువు వస్తుందని, ఒకరి తరువాత ఒకరు చెప్పుకుపోయారు. అందరూ పోయాక తాత బాపుతో అన్నాడు. తలుపు చాటున అమ్మ, నేను విన్నాం.

"నేను మన పొల్ల అంత ఉన్నప్పుడు పూసింది. మా నాయిన ఇల్లిడిసి మమ్ముల తీస్కొని గోదారి దాటిండు. నా చెల్లె తొవ్వల్నే పోయింది. జొరమో, ఆకలో, ఏందో. ఒక చెట్టు కింద పెట్టి మన్నేసి ముందటికి నడిసినం. యాడ పెట్టినమో గూడ యాదికి లేదు నాకు."

తాతకు ఒక చెల్లెలు ఉండేదని అప్పటిదాకా బాపుకు కూడా తెలియదు.

ఎండలు ముదిరేసరికి గింజ రాలడం మొదలైంది. మాకైతే పండుగే. ఊరు ఊరంతా చీపుర్లు, చాటలు పట్టుకుని అడవికి. పొదల కింద ఊడ్చి, పాత చీరలు పరిచి, బొంగులు ఊపితే జలజలా రాలేవి. అడవికోళ్ళు మమ్మల్ని చూసి కూడా పోయేవి కావు, అంత మత్తుగా తినేవి. ఇంటికి తెచ్చి దంచి, చెరిగి, అమ్మ గటకలాగా వండేది. మొదటి రోజు మా తమ్ముడు తెగ తిని సాయంత్రం కడుపు పట్టుకుని దొర్లాడు. అమ్మ వాము నమిలించింది. మరునాడు వాడే అందరికంటే ముందు గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. తాత మాత్రం ఆ బువ్వ ముట్టలేదు. అమ్మ ఆయనకు విడిగా రెండు జొన్నరొట్టెలు చేసేది. ఎవరూ చెప్పలేదు ఆమెకు, అయినా చేసేది.

గింజ రాలిపోయాక వెదురు ఎండింది. ఆకు లేదు, పచ్చదనం లేదు. ఊరి వెనక అడవంతా గడ్డివాము రంగుకు తిరిగింది. చచ్చిన బొంగు అల్లడానికి పనికి రాదు. తాత చీరుతుంటే పుల్లలు పుల్లలుగా విరిగిపోయేది. ఒకటి విసిరేసి మరొకటి తీసేవాడు. అదీ విరిగేది. మా వాకిట్లో పచ్చి వెదురు వాసన పోయి, పొట్టు వాసన మిగిలింది. తరువాత కాగితాల మిల్లుకు పంపేందుకు కూలీలు వచ్చి ఆ ఎండు బొంగులను నరికి లారీలకెత్తారు. ఒకరోజు నేను, తమ్ముడు పోయి చూస్తే, ఎప్పుడూ చీకటిగా ఉండే చోట నేల మీద ఎండ పడుతోంది. కళ్ళు చిట్లించుకోవలసి వచ్చింది. నా చిన్న చెట్ల ఆకులు ఆ ఎండకు మాడి, అంచులు కమిలి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. అవి కూడా చచ్చిపోయాయని ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ సాయంత్రమే తాత మాట చెప్పాడు.

"ఇగ ఈడ బతుకు లేదు. బండి మాట్లాడుతాన్న. గోదారి అవతల పచ్చి వెదురు ఉండొచ్చు. వానలు పడకముందే పోవాలె."

"పిల్లల బడి..." అన్నాడు బాపు నెమ్మదిగా.

"బడి యాడికి పోతది? కడుపు సూడాలె ముందుగాల."

ఐదు పాసైతే ఆరో తరగతికి పక్కూరి బడికి పంపుతామని మా పంతులు బాపు దగ్గర మాట తీసుకున్నాడు. పుస్తకాలు కూడా ఒక పెద్ద పిల్ల దగ్గర అడిగి పెట్టుకున్నాను. అమ్మ వైపు చూశాను. అమ్మ గడప లోపల నిలబడి ఉంది.

"బిడ్డా" అంది నన్ను. "తాతకు చెప్పు. వెదురు పోతె ఈత ఉన్నదని చెప్పు."

నేను రెండడుగులు వేసి, "తాతా, వెదురు పోతె ఈత ఉన్నదంట" అన్నాను.

తాత తల ఎత్తలేదు. "మీ అమ్మకు చెప్పు. గది మన పని కాదు."

"తాతకు చెప్పు. మా అవ్వగారింట్ల గదే తిండి పెట్టింది. వెదురు ఒక్కపారి పూసి సత్తది. ఈతచెట్టు ఏటేటా పూత్తది, ఏటేటా బతుకుతది."

ఇంత పెద్ద మాట ఎట్లా మోయాలో నాకు తెలియలేదు. అక్కడే నిలబడిపోయాను. అప్పుడు అమ్మ గడప దాటింది. కొంగు తల మీదికి లాక్కుని, నేల వైపు చూస్తూనే, నేరుగా అంది.

"మామా, మీ చెల్లెను తొవ్వల ఇడిసిపెట్టి వచ్చినమన్నరు. నా పిల్లలను తొవ్వ పట్టియ్యను. నేను రాను. ఈడనే చాపలల్లి సాకుత. మీరు పోయి సూసి రాండ్రి. అవతల మంచిగుంటె అప్పుడు మాట్లాడుదాం."

తాత లేస్తాడు, కత్తి విసురుతాడు అనుకున్నాను. తాత చాలాసేపు అమ్మ పాదాల వైపు చూశాడు. చివరికి బాపుతో, "పొద్దున నాకు సద్ది కట్టుమను" అన్నాడు.

తెల్లవారి ఒక్కడే బయలుదేరి పోయాడు.

తాత పోయిన రోజే అమ్మ చెరువు కట్టకు పోయి కల్లుగీసే ఆయనను అడిగింది. ఆయన చెట్టు గీయడానికి ఎట్లాగూ మట్టలు కోసి పారేస్తాడు. "తీస్కపో చెల్లె, నాకు ఊడ్చే పని తప్పుతది" అన్నాడు. ఆ మట్టలు మోసుకొచ్చి, ముళ్ళు తీసి, ఆకు చీల్చి, నీడలో వాడబెట్టి, నీళ్ళు చల్లి మెత్తబరిచి, అమ్మ అల్లడం మొదలుపెట్టింది. నేను నోరు తెరుచుకుని చూశాను. ఇన్నాళ్ళూ ఇంట్లో పేడ అలికిన చేతులేనా అవి! చూపు నా మీద, మాట తమ్ముడితో, వేళ్ళు మాత్రం వాటంతట అవి పరిగెత్తేవి. మొదటి రెండు రోజులు బాపు పక్కన నిలబడి చూశాడు. మూడో రోజు కూర్చున్నాడు. "గిట్లనా?" అని అడిగేవాడు. "గట్ల కాదయ్యా, కింది నుంచి తియ్యి" అని అమ్మ నవ్వేది. మా ఇంట్లో అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను వినడం అదే మొదలు. బాపు వేళ్ళకు ముళ్ళు దిగితే నేను పిన్నుతో తీసేదాన్ని.

ఒక మోపు చాపలు తయారయ్యాక అమ్మ కేసముద్రం మార్కెట్‌కు బయలుదేరింది. "నువ్వు రా. నీకు చదువొచ్చు గద, టేషన్ల పేర్లు సదువు" అంది నాతో. నెక్కొండ దాకా బస్సు, అక్కడి నుంచి ప్యాసింజర్ బండి. చాపలు పక్కన నిలబెట్టుకుని తలుపు దగ్గర కూర్చున్నాం. కేసముద్రం బోర్డు రాగానే నేను అరిచి చదివాను. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. అమ్మ మాత్రం నన్ను చూసి, నేనేదో బండిని ఆపేసినట్టు తల నిమిరింది.

మార్కెట్ యార్డులో మిరపకాయల ఘాటుకు తుమ్ములే తుమ్ములు. మక్కలు, పెసలు, పత్తి కుప్పలు. ఒక సేటు చాప తీసి ఎండలో పట్టి చూశాడు, బాగుందన్నాడు. తరువాత అంచు పట్టి ఒక గుంజు గుంజాడు. రెండు ఆకులు ఊడి వచ్చాయి.

"అల్లిక మంచిగనే ఉన్నదమ్మా. అంచు నిలుస్త లేదు. దీని మీద బస్తాలు గుంజుతరు మావోళ్ళు. ఒక్క దినం ఆగది."

రెండు మూడు దుకాణాల్లో అదే మాట. అమ్మ పుట్టింట్లో అల్లినవి పడుకునే చాపలు, వాటికి ఆ అంచు చాలు. యార్డు చాపకు చాలదు. కొన్ని పోయాయి కానీ సగం పైన మిగిలాయి. తిరుగు బండి కోసం స్టేషన్‌లో కూర్చున్నప్పుడు అమ్మ నాకు ఉడికిన పల్లికాయ కొనిచ్చింది. తాను తినలేదు. "తాతకు చెప్పకు" అంది. అంతే అంది.

తాత వానాకాలం మొదట్లో వచ్చాడు. ఎవరో బండి మీద తెచ్చి దించి పోయారు. ఒళ్ళు నిప్పులాగా కాలుతోంది, పళ్ళు కొట్టుకుంటున్నాయి. బాపు సర్కారు దవాఖానకు తీసుకుపోయి చేదు గోలీలు తెచ్చాడు. ఇంట్లో ఉన్నది ఆ అమ్ముడుపోని చాపలే. అమ్మ ఒకదాన్ని పరిచి, దాని మీద బొంత వేసి పడుకోబెట్టింది. జ్వరం దిగిన రోజు తాత కళ్ళు తెరిచి చూరు వైపు చూస్తూ అన్నాడు.

"అవతల గూడ పూసింది. పోయిన కాడల్లా పూసింది. పిల్లలను తీస్కపోతె ఏమైతుండెనో..."

అట్లా అంటూనే ఆయన చెయ్యి చాప అంచు మీద కదులుతోంది. అలవాటు పడ్డ చెయ్యి కదా. అంచు పట్టి, వెనక్కి మలిపి, మళ్ళీ పట్టి.

"ఇది ఎవలు అల్లిన్రు?"

"అమ్మ" అన్నాను నేను. ఏమంటాడోనని భయం.

"అల్లిక మంచిగుంది. అంచు చేతగాలె."

మరునాడు పొద్దున దుప్పటి కప్పుకునే కూర్చుని ఈతాకు తెమ్మన్నాడు. గంప మూతికి వేసే కట్టు ఉంటుంది. ఒక్కో బద్దను వెనక్కి మడిచి, పక్కదాని కిందికి దోపి, బిగించి లాగుతారు. ఆ కట్టును తాత చాప అంచుకు వేశాడు. జ్వరం నీరసానికి రెండుసార్లు ఊడింది. మూడోసారి నిలిచింది. అమ్మ గడప దగ్గర నుంచి చూస్తోంది.

"బిడ్డా, మీ అమ్మను..." అని నాతో మొదలుపెట్టి ఆగాడు. తల తిప్పి తానే అన్నాడు. "రా పిల్లా. దగ్గరికొచ్చి సూడు. అంత దూరం నుంచి ఏం కనబడతది?"

అమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలు మోసే పని మాకు తప్పింది. మా తమ్ముడికి అది నచ్చలేదు. బెల్లం పోయిందిగా! ఆ తరువాత కేసముద్రం పోయినప్పుడు సేటు అంచు గుంజి గుంజి, చివరికి "తెచ్చినయన్ని దించు" అన్నాడు. నేను ఆరో తరగతిలో చేరాను.

తాతకు కాళ్ళలో బలం వచ్చాక, మంచి వానలు రెండు మూడు పడ్డాక, నన్ను వెంటబెట్టుకుని అడవికి పోయాడు. నాకు పోవాలని లేదు. మాడిన ఆకులు మళ్ళీ చూడలేననుకున్నాను. వాగు దాటగానే ఇద్దరం ఆగిపోయాం.

ఆ చోటు గుర్తు పట్టలేకపోయాం. ఎండు బొంగు మోళ్ళ మధ్య నుంచి పచ్చగా, నిటారుగా లేచి నిలబడ్డాయి నా చిన్న చెట్లు. ఎండకు మాడింది ఆకులే. చెట్టు చావలేదు. ఇంతకు ముందు నాలుగు వేళ్ళంత ఉన్న ఆకు ఇప్పుడు నా రెండు చేతులంత. మోకాలి దగ్గర ఉండేది నా తల దాటింది. లేత చివర్లు ఎర్రగా మెరుస్తున్నాయి. అన్నీ లేవలేదు. కొన్ని నిజంగానే ఎండిపోయాయి, కొన్ని ఏళ్ళ తరబడి వంగి వంగి ఆ వంకరలోనే ఉండిపోయాయి. కానీ లేచినవి ఎట్లా లేచాయంటే, నిన్న వేసిన విత్తనం అట్లా లేవదు. వాటి సందుల్లో గడ్డిలాగా సన్నగా వెదురు మొలకలు కూడా వస్తున్నాయి.

ఒకచోట లారీ చక్రం నేలను చీల్చేసింది. ఒక నల్లమద్ది వేరు బయటపడి ఉంది. తాత దాని పక్కన కూర్చున్నాడు. పాత కాండం మోడు నా పెన్సిల్ అంత. కింద వేరు తాత మణికట్టు అంత లావు. ఆయన దాన్ని బొటనవేలితో నెమ్మదిగా రుద్దాడు.

"సూడు బిడ్డా. ఇన్నేండ్లు ఇది ఊకె లేదు. పైకి మనకేం కనబడకపాయె. కింద పని జేస్కుంటనే ఉన్నది."

"నీకు తెల్వదా తాతా? నువ్వు చిన్నప్పుడు గూడ వెదురు పూసింది గద."

తాత మట్టి తీసి ఆ వేరు మీద కప్పాడు, కాలితో అదిమాడు.

"మేం ఎల్లిపోయినం గద బిడ్డా" అన్నాడు. "మల్ల ఒచ్చేటాల్లకు అంత వెదురే అయింది. వెదురు సచ్చినంక ఏమైతదో నేను సూడనే లేదు. సచ్చుడే సూసిన. ఇది నాకు ఎవ్వలు సూపెట్టలే."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం చూశాను. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. దారిలో పోయిన ఆ చెల్లెలు గుర్తుకొచ్చి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తుంది. నిలబడి ఉంటే ఏమయ్యేదో ఆయనకు మాత్రం ఎట్లా తెలుస్తుంది? పోయినవాళ్ళది తప్పు కాదు. వాళ్ళకు ఈతాకు తెలియదు, మా అమ్మలాంటి కోడలు వాళ్ళింట్లో లేదేమో, ఉన్నా నోరు తెరవలేదేమో.

మంచి రోజులే వచ్చాయని చెప్పను. ఆ ఏడు ఎలుకలు నిజంగానే లేచాయి. జొన్న చేన్లు నాశనం చేశాయి. ఒక రాత్రి మా తమ్ముడి కాలి వేలు కూడా కొరికాయి. అంబలి తాగి పడుకున్న పూటలు ఉన్నాయి. అయినా మేం అక్కడే ఉన్నాం. అందుకే ప్రతి వానాకాలం ఆ చెట్లు ఎంత లేచాయో చూడగలిగాను. ఏడో తరగతిలో వాటి చివర అందుకోవాలంటే బాపు భుజాల మీద ఎక్కాలి. ఎనిమిదిలో ఆ వీలూ లేదు. ఒకదానికొకటి పోటీ పడి, పక్క కొమ్మలు వదిలేసి, వెలుతురు కోసం పైకి పైకి పోయాయి. తరువాత తొందర తగ్గించి లావెక్కడం మొదలుపెట్టాయి. తునికి చెట్టు కాయలు కాసిన ఏడు మేమంతా గొంతు పట్టుకునేదాకా తిన్నాం. నేను చదివింది పెద్ద చదువేం కాదు. కానీ ఊళ్ళో చిన్నపిల్లలకు పలక మీద అక్షరాలు దిద్దించే పని చేసి, దాంతోనే నా పిల్లలను సాకాను. ఇవాళ ఎవరికైనా దండం పెట్టాలంటే మొదట నాకు ఆ వాకిలి గుర్తుకొస్తుంది. కొంగు తల మీదికి లాక్కుని గడప దాటిన మనిషి, కోపం మింగి "సద్ది కట్టుమను" అన్న ముసలాయన. ఇద్దరికీ.

తాత చివరి రోజుల్లో వెదురు మళ్ళీ కోతకొచ్చింది. కంటికి పొర వచ్చి ఆయనకు సరిగా కనపడేది కాదు. "ఒక్కపారి తీస్కపోండ్రి" అని పట్టుబట్టాడు. బాపు అంగడికి పోయి ఉన్నాడు. అమ్మ, నేను తీసుకుపోయాం. అమ్మ ఆ చోటికి రావడం అదే మొదలు. గింజ రాలిన ఏడు కూడా ఇంట్లో దంచడం, వండడంలోనే ఉండిపోయింది. అన్నేళ్ళూ ఆ అడవి నుంచి వచ్చిన దానితో వంట చేసింది కానీ, వెదురుకు వాగు దాటే పని మగవాళ్ళది.

నల్లమద్దుల కింద నీడ చల్లగా ఉంది. తాత ఒక చెట్టును రెండు చేతులతో కావలించుకున్నాడు. మొసలి వీపులాంటి ఆ బెరడుకు చెంప ఆనించి, "ఇది ఏ పోరడు?" అని నన్ను అడిగాడు. తమ్ముడు విరిచినదాని పక్కదని చెప్పాను. "గట్లనా" అని మురిసిపోయాడు. అమ్మ తల పైకెత్తి కొమ్మల దాకా చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు సన్నటి బాట. మామ వెనకాలే, నాలుగడుగులు దూరంగా, కోడలు నడవాలి. అమ్మ ఎప్పటిలాగే ఆగి, ఆయన ముందుకు పోతాడని చూస్తోంది. తాత బాట పక్కకు జరిగి నిలబడ్డాడు.

"నువ్వు ముందట నడువు బిడ్డా. నాకు తొవ్వ కనబడ్తలేదు."

అమ్మ ఒక్క క్షణం తటపటాయించి, ముందు నడిచింది. తాత నా భుజం మీద చెయ్యి వేసి ఆమె వెనకాల నడిచాడు. దారిలో ఒక రాయి అడ్డం వస్తే నేను చెప్పకముందే దాటాడు. ఇంకొకటి కూడా దాటాడు. కనబడుతోందా అని అడగబోయి ఊరుకున్నాను. ఇల్లు చేరేదాకా అమ్మ ముందు, మేం వెనక.